పాత పంప్ తుపాకీ

ఖలీద్ మామకు,

మీరు నాకు అమ్ముతానన్న పాత పంప్ యాక్షన్ తుపాకీ ఇంకెవరికైనా ఇచ్చేయండి. నాకు దాని అవసరం తీరిపోయింది.

మా ఆయన నందికొండ డ్యామ్ డ్యూటీలో ఉండగా మా పొలం ఇంటి తాళం రెండుసార్లు పగలగొట్టారు కదా, అందుకే లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను. పోయిన వారం విచారణకు కానిస్టేబుల్ వచ్చి ఇంటింటికీ తిరిగాడు. "గా టీచరమ్మకు తుపాకి ఇస్తే మీకేమన్న ఇబ్బంది ఉన్నదా?" అని అడిగి అందరి సంతకాలూ తీసుకున్నాడు.

మర్నాటి నుంచి మా గేటు దగ్గరికి వచ్చేవాళ్లంతా ముందే దగ్గుతున్నారు. పాలు పోసే బిక్షమ్మ అయితే దూరం నుంచే, "నేనే బిడ్డా, జర చూస్కో" అంటోంది. అప్పుడు దొంగలు ఎత్తుకుపోయిన మోటారు స్టార్టరు నిన్న పొద్దున మా గోడ పక్కనే కనిపించింది. సంతకం పెట్టినవాళ్లలోనే ఎవరో తెచ్చిపెట్టి ఉంటారు.

ఇక లైసెన్సు రాకపోయినా నాకు ఫికరు లేదు. మీ తుపాకీ తోలు సంచి మాత్రం ఖాళీగానే బస్సులో పంపండి. గేటులోంచి కనపడేలా వసారాలో తగిలిస్తాను.

తుపాకీ వద్దన్న సంగతి మనిద్దరి మధ్యే ఉండనివ్వండి. ఆయనకు కూడా చెప్పలేదు. డ్యూటీలో నిశ్చింతగా ఉన్నారు.

మీ కోడలు