దుంగల్ని నీడకు చేర్చండి

బావగారూ, నేనిక్కడ కులాసా. చెల్లి పురుటికల్లా ఉయ్యాల చేయించాలని పచ్చి దుంగల్ని ఎండలో పడేశారట, వినగానే ఈ ఉత్తరం రాస్తున్నాను. నిన్న మా వడ్రంగి మేస్త్రి కూడా తొందరపడి ఒక దుంగను పొయ్యి పక్కన పెట్టాడు. మేం అన్నం తింటుండగానే అది ఫటేల్‌మని నిలువునా చీలింది. "కంగారు నాది, పగులు దానికి" అని నెత్తి కొట్టుకున్నాడు.

మీరు వెంటనే నీడకు చేర్చి, కోసిన చివరలకు మైనం పూసి, గాలాడేలా ఇటుకల మీద పేర్చండి. చెల్లిని మాత్రం ఎత్తనివ్వకండి, చెబితే వినే రకం కాదది. కాళ్లవాపు తగ్గిందా? ఉయ్యాల ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. బిడ్డ అడుగులేసే వేళకి చెక్క ఆరుతుంది. దాంతో నడకబండి చేద్దాం, చక్రాలు నేనే వచ్చి తరిమెన మీద తిప్పి గుండ్రంగా చెక్కుతాను.

చెల్లికి ఆశీస్సులు. కడుపులో ఉన్న మేనకోడలికి, మామయ్య వచ్చేదాకా నడవడానికి తొందరపడొద్దని చెప్పండి.

మీ బావమరిది