సరస్వతమ్మక్క పిలిచే వచ్చింది

ధర్మవరం,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి తమ్ముడు చంద్రమోహన్‌కు,

అక్క దీవించి రాస్తున్నది. నేను, మీ బావ తిండికీ ఒంటికీ లోటు లేకుండా ఉన్నాం. నీ కుక్క రుద్ర కూడా బాగానే ఉంది. ఎప్పటిలా 'అందరం క్షేమం' అని రాయబోయి ఆగాను. ఆ 'అందరం'లో గోడవతలి సరస్వతమ్మక్క కూడా ఉంటుంది కదా. నీకు డ్యూటీ పడ్డ కొండల్లో చలి ఎక్కువైందని రాశావు. పడుకునే ముందు కాళ్లకు నూనె రాసుకో, బద్ధకించవద్దు.

నీ ఉత్తరం సోమవారం చేరింది. సిగ్నలు దొరికే చోటికి దిగి ఫోన్ చేసినప్పుడు నీకు రెండు నిమిషాలే ఉంటాయి. నేను చెప్పాల్సింది రెండు నిమిషాల్లో అయ్యేది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. మీ బావ మోకాలి నొప్పి తగ్గలేదు. మగ్గం గుంతలోంచి లేచేటప్పుడు గోడ పట్టుకుంటున్నాడు. ముదిగుబ్బ వైపు ఒక మంచి వాన పడిందట, మనకు మబ్బు చూపించి పోయింది. రుద్రకు రోజూ రెండు గుడ్లు పెడుతున్నాను. గొలుసు వేశానా అని అడిగావు. వేశాను. 'గొలుసు వేస్తే కోపిష్టిదవుతుంది, వదిలెయ్యక్కా' అని మళ్లీ రాశావు. అది చదివి నీ ఉత్తరం మడిచి బియ్యం డబ్బా మీద పెట్టాను. రెండు రోజులు దాని జోలికి పోలేదు.

'పిలవకుండా గేటు తోసుకుని వచ్చింది ఆమె. కుక్క పని కుక్క చేసింది. మన తప్పేముంది' అని కూడా రాశావు. పోయిన ఉత్తరంలో నేను అలా రాశాను కాబట్టే నువ్వు అలా అనుకున్నావు. ఆ మాటకు వస్తాను. ముందు ఆమె చెయ్యి ఎలా ఉందో చెప్పనివ్వు.

కుడిచేయి, మణికట్టుకు పైన. ఇక్కడి ఆసుపత్రిలో కడిగి, గాయం చుట్టూ ఒక సూది, భుజానికి ఒక సూది వేశారు. వేళ్లు వంచమంటే రెండు వేళ్లు కదల్లేదు. నరం లాంటిది ఏదో తెగిందన్నారు. హిందూపురంలో చేతుల ఆపరేషన్లు చేసే డాక్టరు ఉన్నాడని తెలిసి మూడో రోజు రైల్లో తీసుకుపోయాం. కిటికీ పక్కన కూర్చుంది. పెనుకొండ కొండ కనిపించినప్పుడు కట్టు కట్టిన చేతినే నుదుటికి ఆనించి మొక్కింది. దారంతా నాతో వంటల గురించే మాట్లాడింది. నేను బాధపడకూడదని. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నాడు డాక్టరు. గిన్నె పట్టుకోవచ్చు, జడ వేసుకోవచ్చు. కానీ ఉంగరం వేలు, నడిమి వేలు పూర్తిగా ముడుచుకోవు. మగ్గం మీద తెగిన పట్టుపోగును పట్టి ముడి వేయాలంటే వేళ్లు ఎట్లుండాలో నీకు తెలుసు, నువ్వూ ఆ ఇంట్లో పెరిగినవాడివే. అమ్మ కొట్టడానికి వస్తే ఆమె మగ్గం గుంతలోకి దూరి దాక్కునేవాడివి. ఆమె నీ మీద చీర కప్పి, నేయడం ఆపకుండా, 'వాడు ఈడికి రాలేదు' అనేది.

ఆమె మగ్గం మీద సగం నేసిన పెళ్లిచీర ఉండిపోయింది. రోజూ మధ్యాహ్నం నేను పోయి నేస్తున్నాను. ఆమె పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది. నేసేది నేనే అయినా అంచు దగ్గర ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో ఆమే చెబుతుంది.

మొన్నొక రోజు తాడిమర్రి నుంచి ఆమె బంధువు గంగక్క చూడడానికి వచ్చింది. కట్టు చూసి, 'ఎట్లయిందే ఇది?' అని అడిగింది.

'తప్పు నాదేలే. పిలవకుండా పోయినా' అంది సరస్వతమ్మక్క. అని, నెమ్మదిగా ఇంకో మాట అంది. 'పిల్చినట్టే ఉండాది నాకు. అయినా నేను పిలవలేదంటాంది హేమ. నొప్పిలో నాకే మతి లేదేమో.'

నా చేతిలో అడ్డపోగు నేసే నాడె ఆగిపోయింది.

చంద్రా, ఆమె పిలిచింది. ఆ మంగళవారం పొద్దున కొళాయికి నీళ్లు వచ్చాయి. నేను వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. 'హేమా, నీళ్లొచ్చినాయి, బిందెలు తెచ్చుకో' అని గేటు దగ్గర ఆమె గొంతు స్పష్టంగా విన్నాను. రుద్ర విడిగానే ఉంది. 'ఉండక్కా, దాన్ని కట్టేస్తా' అనాల్సింది. 'ఆ, వస్తాండా' అని మాత్రం అన్నాను. అది విని ఆమె గేటు తీసింది. నేను చేతులు తుడుచుకుని వచ్చేలోపల ఆమె కింద పడి ఉంది. మీ బావ దుప్పటి వేసి లాగితే గానీ అది వదల్లేదు.

వీధివాళ్లంతా వచ్చి ఏమైందని అడిగితే, 'పిలవకుండా వచ్చింది' అన్నాను. ఆ మాట ఎట్లా వచ్చిందో తెలియదు. కానీ మరుసటి రోజు పోలీసాయన వచ్చి అడిగినప్పుడు తెలిసే అన్నాను. నీకు రాసినప్పుడూ తెలిసే రాశాను. 'ఇంతకుముందు ఎవరినైనా కరిచిందా?' అని ఆయన అడిగితే లేదన్నాను.

అదీ అబద్ధమే. దానికి పదిహేను రోజుల ముందు, రుద్ర తింటున్నప్పుడు దాని ముద్ద కింద పడితే తీయబోయాను. నా ఎడమ ముంజేయి పట్టేసింది. రెండు పళ్లు లోతుగా దిగాయి. మగ్గం మేకు గీసుకుందని మీ బావకు చెప్పి, పసుపు పెట్టి, పొడుగు చేతుల రవిక వేసుకున్నాను. ఆసుపత్రికి పోలేదు. పోతే ఎందుకు కరిచిందని అడుగుతారు, మీ బావ దాన్ని ఇంట్లో ఉండనివ్వడు. నువ్వు ఫోన్ చేస్తే మొదటి మాట 'రుద్ర ఎట్లుందక్కా' అనే. ఆ చలిలో నీకున్న సంతోషం అదొక్కటే అనుకున్నాను. దాన్ని తీసేయడానికి నాకు చేతులు రాలేదు. నీ సంతోషానికి నా చెయ్యి పోతే సరే అనుకోవచ్చు. ఆమె చెయ్యి ఇవ్వడానికి నేనెవరిని?

గంగక్క పోయాక మగ్గం దిగి, రవిక చెయ్యి పైకి మడిచి, ఉన్నదంతా సరస్వతమ్మక్కకు చెప్పాను. ఆమె నా చేతి మీది మచ్చలనే చూస్తూ కూర్చుంది. తర్వాత, 'సూది ఏయించుకున్యావా?' అంది.

'లేదక్కా.'

'నీకేమన్నా బుద్ధుండాదా?' అని లేచి చెప్పులు వేసుకుంది. ఆ రోజు ఆమెకు ఆఖరి సూది. నన్నూ వెంటబెట్టుకుని పోయింది. దారంతా నాకంటే రెండడుగులు ముందే నడిచింది. డాక్టరమ్మ నన్ను బాగా తిట్టింది. ఇన్ని వారాలైనా కుక్క బాగానే ఉంది కాబట్టి భయం లేదంటూనే, నాకూ సూదులు మొదలుపెట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు వీధి మొదట్లో ఆగి అంది: 'నాకు మతి పోయిందేమోనని ఇన్ని దినాలు భయపడినా హేమా. చెయ్యి పోయిన్దానికంటే అదే ఎక్కువైండె. వీధిలో అందురికీ నువ్వే చెప్పల్ల, నేను పిల్చినానని.'

మరుసటి రోజు కొళాయి దగ్గర బిందెల వరుసలో నిలబడి చెప్పాను. ఒకామె తన బిందె తీసి కొంచెం దూరంగా పెట్టుకుంది. సరస్వతమ్మక్క నన్ను ఇంట్లోకి రానిస్తుంది, మగ్గం మీద కూర్చోనిస్తుంది. వంటల గురించి మాత్రం మాట్లాడడం మానేసింది. అది నాకు తగిందే.

రుద్రను మూతికి కట్టు వేసి ఆటోలో పెనుకొండకు తీసుకుపోయి పశువుల డాక్టరుకు చూపించాం. ఏడాదిగా దానికి రేబిస్ టీకా వేయించలేదని పుస్తకం చూసి చెప్పాడు. నువ్వు పోతూ ఆ పుస్తకం నా చేతికే ఇచ్చావు, నేను తెరవలేదు. టీకా వేశాడు. 'ఇంత బలమైనదాన్ని తెచ్చుకుంటే చిన్నప్పటినుంచే నేర్పించల్ల. ఇప్పుడు ఇది విడిగా తిరిగేది కాదు' అన్నాడు. కూనగా ఉన్నప్పుడు అది పాలాయన మీద గుర్రుమంటే నువ్వు నవ్వి, 'అదే కావల్ల' అన్నావు. నేనూ నవ్వాను. గుర్తుందా?

ఈ సంగతి తెలిసి గుడిబండ నుంచి ఓబుళప్ప అనే ఆయన వచ్చాడు. వక్కతోట కాపలాకు కుక్క కావాలట. దాచకుండా చెప్పాను, ఇద్దరిని కరిచిందని. వెళ్లిపోతాడనుకున్నాను.

'అట్లాంటిదే కావల్లమ్మా నాకు. తోటలోకి కూలోళ్లు వస్తాంటారు. భయముండల్ల' అన్నాడు.

'ఇచ్చేది లేదప్పా' అన్నాను. మీ బావకు కోపం వచ్చింది. 'పీడ పోయే దారి దొరికితే కాదంటాండావు' అన్నాడు. ఆ కూలోళ్లలో ఒకరి చెయ్యి పోతే నాకు వినిపించదు, అంతే కదా అన్నాను. ఆయనే మరుసటి రోజు నుంచి పెరట్లో ఇనుప జాలీ గది కట్టించడం మొదలుపెట్టాడు. మోకాలి నొప్పితోనే ఇటుకలు అందించాడు. గేటుకు లోపల ఇంకో గేటు పెట్టాం. పొద్దున, సాయంత్రం మూతికట్టు వేసి నేనే తిప్పుతున్నాను. అది నా వైపు చూస్తూ తోక ఊపుతుంది. దాని మీద నాకు కోపం లేదు తమ్ముడూ, అలసట ఉంది. సెలవు దొరికినప్పుడు రా. దీన్ని సరిగ్గా పెంచగలిగినవాళ్లు ఎక్కడైనా ఉన్నారేమో ఇద్దరం కలిసి వెతకాలి. ముందు సరస్వతమ్మక్క దగ్గర కూర్చుని, ఆ తర్వాతే దాని దగ్గరికి పో.

పోలీసుల దగ్గర నా మాట మార్చి రాయించాను. శుక్రవారం మునిసిపాలిటీ ఆఫీసుకు పోయి కుక్కను నమోదు చేయించాను. ఎన్నిసార్లు కరిచిందనే చోట రెండు అని రాశాను. దాని కింద యజమాని పేరు అని ఉంది. 'కుక్క ఎవురిదమ్మా?' అన్నాడు గుమాస్తా. మా తమ్మునిది అని నోటిదాకా వచ్చింది. కొన్నది నువ్వు, పేరు పెట్టింది నువ్వు. అయితే ఆ పొద్దున గేటు లోపల ఉన్నది నేను. పెన్ను పట్టుకుని కాసేపు కూర్చున్నాను. వెనక వరుసలో ఎవరో దగ్గారు. హేమావతి అని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాను.

ఇట్లు,
నీ అక్క,
హేమావతి.