మమ్మల్ని అడిగిన డాక్టరు

ధర్మవరం,
శుక్రవారం.

అన్నకు నీ చెల్లెలు రంగమ్మ నమస్కారాలు చేసి రాస్తున్నది.

నువ్వు, వదిన, పిల్లలు అందరూ బాగున్నారని తలుస్తాను. పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులు ఎట్లున్నాయి? కంబదూరు పక్క ఒక వాన పడిందని బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నాను. మన చేను తడిసిందా, లేక గట్టు దాకా వచ్చి వెనక్కి పోయిందా? ఇక్కడ మబ్బు పడుతుంది, గాలి లేస్తుంది, అంతే. మేము బాగున్నాం. ఆయన కూడా బాగున్నాడు. ఈ మాట ముందే రాస్తున్నాను, లేకపోతే నువ్వు సగం చదివి లేచి బస్సెక్కుతావు.

నీ జాబు అందింది. పౌర్ణమి వెళ్ళగానే వస్తాననీ, ఆయనను సిద్ధంగా ఉంచమనీ, మెడకు వాతలు పెట్టించడానికి మన ఊళ్ళో వాతలేసే పెద్దాయనతో మాట్లాడి పెట్టాననీ రాశావు. నీ భుజం నొప్పి ఆ పెద్దాయన వాతలతోనే పోయిందంటే నేను కాదనను. మా మీద నీకున్న ప్రేమ నాకు తెలియనిదా! కానీ జరిగినదంతా విని అప్పుడు బయల్దేరు.

చెనక్కాయ పంట వరసగా ఎండిపోయి మేమీ ఊరొచ్చి మూడో ఏడు నడుస్తున్నది. తెల్లారితే మగ్గాల చప్పుడే గాని ఒక ఎద్దు గంట వినబడదు. ఇరుగుపొరుగు మంచివాళ్ళే, అయినా సాయంత్రమైతే నాకు ఇప్పటికీ మన చేని గట్టు మీదికే మనసు పోతుంది. ఆయన మాత్రం నాలా దిగులుపడే మనిషి కాదు. నాగలి పట్టిన మనిషి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుని పట్టుచీర నేయడం నేర్చుకున్నాడంటే నాకింకా ఆశ్చర్యమే. ఒక్క పోగు తప్పినట్టు కనబడితే, అది సరిచేసేదాకా అన్నం మాట ఎత్తడు.

ఆ వంచిన తల వంచినట్టే ఉంచడం వల్లనేమో, ఉగాది తర్వాత మెడలో మొదలైన నొప్పి భుజం మీదుగా కుడిచేతి వేళ్ళదాకా దిగింది. చీమలు పాకినట్టుందనేవాడు. ఒకనాడు చేతిలో నీళ్ళ చెంబు జారి కిందపడింది. పడేదాకా జారుతున్నట్టు ఆయనకే తెలియలేదు. ఆ చెయ్యి పోతే మాకేముందన్నా? మగ్గం లేదు, తిరిగి సేద్యానికి వద్దామన్నా నాగలి పట్టేది కూడా ఆ చెయ్యే కదా.

మరునాడే అత్తను వెంటబెట్టుకుని అనంతపురం పెద్దాసుపత్రికి పోయాం. డాక్టరుగారు చిన్న వయసు మనిషి. మా ఆయన వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని నెట్టమన్నారు, లాగమన్నారు. చిన్న సుత్తితో మోచేతి దగ్గర తట్టి చూశారు. తనను "మీరు" అంటుంటే మా ఆయన వెనకెవరైనా ఉన్నారేమో అని చూడబోయి, మెడ తిరగక "అబ్బా" అన్నాడు. నాకు ఆ భయంలో కూడా నవ్వొచ్చింది.

ఎక్స్‌రే తీయించి, మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. మెడ ఎముకల మధ్య మెత్తటి బిళ్ళలుంటాయట, డిస్కులంటారట. అందులో ఒకటి ఉబికి, చేతికి దిగే నరాన్ని నొక్కుతున్నట్టుందట. ఎక్స్‌రేలో ఎముకే గాని ఆ బిళ్ళ కనబడదని కూడా దాచకుండా చెప్పారు. మగ్గం మాని, మెడకు పట్టీ వేసుకుని, కొన్నాళ్ళు ఆసుపత్రిలో పడుకుని మెడను మెల్లగా సాగదీయించుకోవచ్చు. చాలామందికి దాంతోనే తగ్గుతుంది, కానీ నిదానం, తగ్గి తీరుతుందని మాట ఇవ్వలేనన్నారు. లేదంటే బెంగుళూరు పోయి ఆపరేషన్ చేయించుకోవచ్చు. త్వరగా గుణం కనబడవచ్చు, కానీ మెడలో కోత గనుక దాని ప్రమాదాలు దానికున్నాయి. చెయ్యి ఇంకా బలం తప్పినా, నడకలో కాళ్ళు తడబడినా, ఒంటికి పోవడం పట్టు తప్పినా ఇక ఆలోచన వద్దు, వెంటనే బెంగుళూరు పోవలసిందే అని గట్టిగా చెప్పారు. ఇంత చెప్పి, మా ఆయన ముఖంలోకి చూసి, "మీరేమంటారు?" అని అడిగారు.

మేము ముగ్గురం తెల్లబోయాం. బయటికి రాగానే అత్త అందుకుంది.

"ఏమే, మందిచ్చేవాడు మనల్ని అడుగుతాడా? తెలిసినోడైతే ఇది చెయ్యప్పా అని చెప్తాడు. ఈయప్పకు ఏమీ తెల్దు. ఒరే నారాయణా, ఇంకోన్ని చూద్దాం పా."

నాకూ అట్లానే అనిపించింది. ఆ ఊళ్ళోనే ఇంకో పెద్ద డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు ఎత్తి చూసి, "ఆపరేషన్. బెంగుళూరు పోండి" అని, తర్వాతి మనిషి కోసం గంట కొట్టాడు. అత్త ముఖం వెలిగిపోయింది. "ఇదీ డాక్టరంటే!" అంది.

తిరుగు బస్సులో ఆయన రెండు చేతులతో తల పట్టుకుని కూర్చున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా పళ్ళు కొరుకుతున్నాడు. ఊరు దగ్గరపడ్డాక నోరు విప్పాడు.

"అమ్మా, ఈయప్ప నా చెయ్యి పట్టుకోనేలేదు. ఆ చిన్న డాక్టరు ఒక్కో వేలూ పట్టి చూసినాడు. ఆయప్ప తెలీక అడగలేదు."

"మళ్ళ ఎందుకడిగినాడ్రా?"

"మెడ నాది గదా, అందుకని."

నాకైతే మా ఆయనను చూస్తే గర్వంగా అనిపించింది. అంత నొప్పిలో, మా ఇద్దరికీ తట్టనిది ఆయనకు తట్టింది. పెద్ద డాక్టరు చెప్పింది తప్పని కాదు, చెయ్యి దిగజారితే అక్కడికే పోదాం, ముందు కోత లేని వైద్యం చూద్దాం అన్నాడు. మళ్ళీ ఆ చిన్న డాక్టరుగారి దగ్గరికే పోయి చేరాం.

గడ్డం కింద పట్టీ తగిలించి, మంచం తలాపున గిలక మీదుగా ఇసుక సంచి వేలాడదీశారు. "బిడ్డను బాయిలోకి బిందె కట్టినట్ల కట్టినారే" అని అత్త మొదటిరోజు ఏడ్చింది. డాక్టరుగారు పొద్దున్నే వచ్చి, నొప్పి సంగతి అడగకముందే ఆయన పిడికిలి పట్టుకుని బలం చూసేవారు. ఒక్కరోజు కూడా మరవలేదు. వాతల సంగతి నేనే భయపడుతూ అడిగాను. కోప్పడలేదు. వాతతో చర్మం కాలుతుందే గాని నరం మీది ఒత్తిడి పోదనీ, ఎవరినీ మెడ విరవనివ్వొద్దనీ నెమ్మదిగా చెప్పారు. మా అత్త సంగతి వింటే నవ్వుతావు. పక్క మంచాల వాళ్ళతో, "మీ డాక్టరు మిమ్మల్ని అడుగుతాడా? మావోడు అడుగుతాడు" అని గొప్పలు పోయేది.

ఇప్పుడు భుజం నొప్పి బాగా తగ్గింది. వేళ్ళలో తిమ్మిరి ఇంకా కొంచెం ఉంది. చెంబు పట్టుకుని తానే నీళ్ళు తాగుతున్నాడు. నిన్న ఇంటికి పంపించేటప్పుడు, రోజూ కాసేపు మగ్గంలో కూర్చుంటానని ఈయన మొదలుపెట్టాడు. ఇంకొన్నాళ్ళు ఆగితే మంచిదని చెప్పి, డాక్టరుగారు నా వైపు తిరిగారు.

"అమ్మా, ఇంట్లో చూసుకునేది మీరు. మీరేమంటారు?"

అన్నా, నన్నడుగుతున్నారు చూడు. నా పెళ్ళి కూడా నువ్వు నాకు చెప్పావే గాని నన్ను అడగలేదు. మంచి మనిషికే ఇచ్చావు, అందుకు నీకు దండం పెడతాను. అయినా నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీరు సరే అనేదాకా మగ్గంలో దిగనియ్యను సార్. నేను పక్కింటి మగ్గాలకు పోగు కండెలు చుట్టి ఇల్లు గడుపుతా" అన్నాను. మా ఆయన పట్టీలో నుంచే "సరే" అన్నాడు.

పౌర్ణమి తర్వాత తప్పకుండా రా. వచ్చేటప్పుడు కాసిని ఉలవలు, మన చేనివి కాకపోయినా సరే కొన్ని చెనక్కాయలు తీసుకురా. పెద్దమ్మకు నా దండాలు, వదినకు నమస్కారం, పిల్లలకు ముద్దులు. ఆయన చెయ్యి పూర్తిగా నయం కావాలని పెద్దలందరూ దీవించాలి. వాతల మాట నువ్వే ఆయనకు చెప్పుకో, నేను అడ్డం రాను. కానీ గడపలో కాలు పెట్టగానే నీ అలవాటు ప్రకారం "పద బావా" అనొద్దు. "ఏమంటావు బావా" అని అడుగు.

నీ దీవెనలు కోరే చెల్లెలు,
రంగమ్మ