దరఖాస్తులో లేని పాప

వదినా,

ఆదివారం నా బుజ్జిదాన్ని తీసుకుని వచ్చెయ్. ఆ చిరుగు దుప్పటి మరిచిపోకు, అది లేకపోతే పడుకోదు. ప్రభుత్వం గట్టిగా చెప్పిందట, మా కుట్టు ఫ్యాక్టరీలో పిల్లల గది తెరిచారు. మధ్యలో రెండుసార్లు వెళ్లి తినిపించి రావచ్చు కూడా.

పనిలో చేరేటప్పుడు పిల్లలు లేరని రాశాను, నీకు తెలుసుగా. ఉన్నారంటే తీసుకోరని అందరూ భయపెట్టారు మరి. ఇప్పుడు దాని పేరు రాయించాలంటే ఆ అబద్ధం ఒప్పుకోవాలి. నాలుగు రోజులు అన్నం సహించలేదనుకో. చివరికి తెగించి మా సూపర్‌వైజరమ్మ దగ్గరికి వెళ్లాను. మిషన్ దగ్గర నవ్వినా కసురుకునే మనిషి!

"మేడం, నాకో పాప ఉంది" అన్నాను.

ఆవిడ తలెత్తకుండానే పేర్ల కాగితం నా ముందుకు తోసింది.

"నీతో కలిపి పన్నెండు అబద్ధాలు. పాత దరఖాస్తులు ఎవరూ తియ్యర్లే, రాయి. పైన చూడు, మొదటిది నాదే."

ఆవిడ కొడుక్కి మూడేళ్లట, వదినా! ఇద్దరం అక్కడే కూర్చుని ఫోన్లలో పిల్లల ఫొటోలు చూసుకున్నాం. పని గంట మోగింది. ఆవిడ లేవలేదు.

నీ ఆడపడుచు