గుంత చుట్టూ చలువరాయి

గద్వాల,
బహుధాన్య సంవత్సరం, కార్తీక బహుళ తదియ, గురువారం.

మాన్యులైన బావగారు కురుమూర్తి గారి సముఖానికి, మీ మేనత్త కొడుకు, మీ చెల్లెలి పెనిమిటి అనంతయ్య చేతులు జోడించి రాసేది. ఇక్కడ మనుషులమంతా క్షేమమే. నేల ఒక్కటే క్షేమంగా లేదు. నాగర్‌కర్నూలులో మీరూ, అక్కయ్యా, పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

బావా, నా మొర వినేవాళ్లు ఈ ఊళ్లో లేరు. అందరూ అమ్మ పక్షమే. అందుకే మీకు రాస్తున్నాను.

మా ముందరి గదిలో చలువరాయి పరిపిస్తున్న సంగతి మీకు తెలుసు. హైదరాబాదు నుంచి చీరలకని వచ్చే సావుకార్లు మట్టి నేల మీద చాప వేసుకొని కూర్చోవాల్సి వస్తోంది. నిరుడు ఒకాయన తెల్ల ధోవతికి ఎర్రమట్టి అంటుకుంటే, చీర మడత విప్పకముందే దులుపుకుంటూ లేచిపోయాడు. ఆ రోజే పట్టు పట్టాను. పలకలు గడ్డిలో చుట్టి, పెట్టెల్లో రైలు మీద వచ్చాయి. వనపర్తి నుంచి యేసయ్య మేస్త్రిని పిలిపించాను. అన్నీ కుదిరాయి. కానీ ఆ గదిలోనే, వీధి కిటికీ కింద, అమ్మ కాళ్లు దింపుకొని నేసే మగ్గం గుంత ఉంది కదా. అది నా ప్రాణానికి వచ్చింది.

గుంత పూడ్చి గదంతా ఒక్క తీరుగా పరుద్దామన్నాను. అన్నానో లేదో, అమ్మ పోయి గుంతలో కాళ్లు పెట్టి కూర్చుంది. నేను సచ్చినంక పూడ్సుకోరా, రాళ్లకేం తొందరున్నది అంటుంది. నేయడానికి ఊరినిండా నేతగాళ్లున్నారు, సావుకారి తల్లివి, హాయిగా కూర్చోమ్మా అంటే, గట్ల కూసుంటే కాళ్లు పడిపోతయిరా అంటుంది. బాలమణి ఎంత నయమో చూడండి. సావుకారి భార్య గుంతలో కూర్చుంటే ఏం బాగుంటుంది, మగ్గం మానేయమని మూడేళ్ల కింద ఒక్కసారే చెప్పాను. మారు మాట్లాడకుండా లేచింది. మీ చెల్లెలి బుద్ధిలో పావు వంతు మీ మేనత్తకు ఉంటే నాకీ తిప్పలు లేవు.

ఇక పని సంగతి రాస్తే మీరు నవ్వుతారు. నవ్వకండి. చలువరాయి కోయాలంటే పళ్లు లేని రంపం కింద ఇసుక వేసి, నీళ్లు పోస్తూ లాగాలి. ఆ నీళ్లన్నీ పల్లం చూసుకొని గుంతలోకే పోతాయి. అమ్మ చీలమండల దాకా నీళ్లలో కూర్చొని, పేక పోగు విసిరే నాడె పట్టుకుంటుంది. బాలమణి చెంబుతో తోడి వీధిలో పోస్తుంది. సున్నం దుమ్ము పడుగు మీద పడుతుందని అమ్మ దాని మీద పాత చీర కప్పి, తానూ దాని కిందికే దూరింది. జర లేవు అవ్వా, కొలత తీస్త అని యేసయ్య బతిమాలితే, నన్ను కలుపుకొనే కొలువు బిడ్డా అన్నది.

వాడు నిజంగానే కలుపుకొని కొలిచాడు బావా! నేను నూలు కోసం రాయచూరు పోయి వచ్చేసరికి, పలకల మూలలు తీసి, గుంత అంచుకు సరిగ్గా ఒదిగేటట్టు సున్నంలో కూర్చేశాడు. నేసేవాళ్ల చీర చిరగకుండా అంచులు గుండ్రంగా అరగదీశాడు కూడా. ఎవరు చెప్పారయ్యా అంటే, అవ్వ చెప్పింది సేటూ, ఇల్లు ఆమెదే గద అన్నాడు.

మర్నాడు ఇంకో ఘనకార్యం. కొత్తగా పరిచిన చోట ఆరేదాకా ఎవరూ నడవొద్దని బొగ్గుతో గీత గీసి ఇంటిల్లిపాదికీ చెప్పాం. అమ్మ గీత దాటి తిన్నగా దాని మీదే నడిచింది. ఒక పలక మూల కుంగింది. యేసయ్య దాన్ని పెకిలించి మళ్లీ వేశాడు. నన్ను ఉడికించడానికి కాకపోతే పక్కన దారి లేదా?

అన్నిటికంటే ఒళ్లు మండేది చెప్తాను. నేను ఇంట్లో ఉంటే ఆ మగ్గం మీద పొద్దంతా జానెడు గుడ్డ దిగదు. ఊరికి పోయి వస్తే మాత్రం మూరలకు మూరలు దిగి ఉంటుంది. అదీ ఎట్లాంటి నేత! నూలు ఒంటికీ పట్టు అంచుకూ అతుకు ఎక్కడుందో వెతికినా దొరకదు. హైదరాబాదు వాళ్లు మా అమ్మ చేతి చీరే కావాలని అడుగుతారు. నేను ఎదురుగా ఉంటేనే నాడె కదలదు. ఇది పంతం కాకపోతే ఏమిటి?

బుధవారం యేసయ్య నేలకు మైనం పట్టించి, గుడ్డతో తోమి మెరుగు పెట్టి, వనపర్తికి పోతాడు. మైనం పట్టాక మళ్లీ సున్నం పని పెడితే మరకలు పడతాయట. అందుకని ఆ లోపలే గుంత పూడ్చి పైన పలకలు వేయాలి. కన్నతల్లిని రెక్క పట్టుకొని లేపలేను. నా మాట వినదు, మేనల్లుడి మాట వింటుంది. సోమవారానికల్లా మీరు జడ్చర్లలో రైలెక్కి రండి. రెండు రోజులు ఆమెను మీ ఇంటికి తీసుకుపోయినా చాలు, వెనక పని నేను చూసుకుంటాను.

సున్నం తట్టల నడుమ మీ కోసం దారి చూస్తూ,
మీ బావమరిది
అనంతయ్య

తా.క. అన్నా, ఇది బాలమణి రాస్తున్న. జిగురు పెట్టి టపాలో వేయించమని ఉత్తరం నాకిచ్చి ఆయన బజారుకు పోయిండు. నాకు రాయొస్తదని ఆయనకు యాదికి లేనట్టున్నది.

అత్తమ్మకు రెండేండ్ల సంది కండ్లు కనిపిస్తలేవు. వెలుగూ నీడా తెలుస్తయి, అంతే. పలక మీద కావాలని నడవలేదు, గీత ఆమెకు కనపడలేదు. ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నది, ఇయ్యాల ఒట్టు తప్పి రాస్తున్న. ఆయన ఇంట్ల ఉన్నంతసేపు గుంతల కూసొని నాడె పట్టుకుంటది. ఆయన గడప దాటంగనే లేచి నన్ను కూసోబెడ్తది. అతుకును వేలితో తడిమి, ఇక్కడ పోగు వదిలినవు బిడ్డా అని చెప్తది. హైదరాబాదు వాళ్లు అడిగే చీరలు నేను నేసినయి.

ఆయన చెడ్డోడు కాదు. మగ్గం మానుమన్ననాడు నాకెట్ల ఉన్నదో అడగలేదు, గంతే. అత్తమ్మ అడిగింది.

నువ్వు రా అన్నా. వచ్చి గుంత ఉండనీయుమని ఆయనకు చెప్పు. అత్తమ్మను లేవుమని మాత్రం అనకు. నీ మేనత్త చేతులు ఎప్పుడో ఆగినయి. గుంత పూడిస్తే ఆగేటియి నా చేతులు.