జనాజాకు దారి

చిట్యాల, అక్టోబరు 2011

పోశాలుకు,

ప్రియమైన అని రాయబుద్ధి కాలేదు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో నా కొడుకు ఫహీమ్ తలకు దెబ్బ తగిలి జనగామలో చనిపోయిండు. మాలో మనిషి పోతే ఆలస్యం చెయ్యరు. కడగాలె, కఫన్ గుడ్డ చుట్టాలె, నమాజు చదివి అదే రోజు మట్టికియ్యాలె. నువ్వేం చేసినవు? టేసన్ హమాలీవి, లీడర్‌వైతివి. పిల్లగాన్ని చౌరస్తాలో పండబెట్టి దండలేయించినవు, నినాదాలు ఇప్పించినవు. పెద్ద లీడర్లు రావాలని తెల్లారేదాకా ఉంచినవు. నీ అంగీ పట్టి గుంజినా ఇయ్యలేదు. ఇన్నేళ్లయినా అది నాకు అరగలేదు.

ఇప్పుడు నా భార్య రషీదా బేగం మంచం పట్టింది. దవాఖానవాళ్లు ఇంటికి తీసుకపొమ్మన్నరు. జనగామ ఖబ్రస్తాన్‌లో కొడుకు పక్కన పెట్టమంటున్నది. తెలంగాణ సమ్మెతో బస్సులు బంద్. జనగామ రోడ్డు మీద టెంటు వేసి కూసున్నది మళ్లా నువ్వేనట. ఆమెను మోసుకొచ్చే జనాజా వస్తే దారి ఇస్తవా, ఆపుతవా? పాల వ్యానులో ఈ ఉత్తరం పంపుతున్న. రాసి పంపు. ఫోన్ చెయ్యకు, నీ గొంతు వినలేను.

ఫకీర్ అహ్మద్

జనగామ

ప్రియమైన ఫకీర్ భాయ్,

దారి ఇస్త. టెంట్ల పోరగాళ్లకు చెప్పిన. ఎవడూ జెండా కప్పడు, దండ వెయ్యడు, నోరు తెరవడు. ఖబ్రస్తాన్‌కు పోయి చూసొచ్చిన. ఫహీమ్ పక్క జాగల తుమ్మచెట్టు లేచింది. కొట్టించి, తవ్వేటోళ్లను మాట్లాడి పెడత. ఆ రాత్రి ఎందుకు ఆపిన్నో నన్ను అడగకు. మాట ఇచ్చిన. వదినె తెలివిగ ఉన్నప్పుడే ఆమెను అడుగు.

నువ్వు తిట్టినా నీవాడే,
పోశాలు

చిట్యాల

పోశాలూ,

రషీదాను అడిగిన. గోడ దిక్కు తిరిగింది.

"నేనే ఆపమన్న" అన్నది.

"ఎవరిని?"

"పోశాలన్నను. రైళ్లు బంద్. నేను గార్లల, పుట్టింట్ల ఉంటిని. టేసన్ల బతిమిలాడి రైల్వే ఫోన్‌ల చెప్పించి, రాత్రంతా లారీల మీద వచ్చిన. నువ్వు ఆగవని ఎరుకే. ఆడోళ్లం ఖబ్రస్తాన్‌కు రాము. అప్పుడు బిడ్డ ముఖం చూడకుంటే ఇగ ఎన్నడు చూస్త?"

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఇంట్ల ఉండనిద్దువా?"

నేను లేచి బయటికి పోయిన.

పెద్ద లీడర్లని నాతో అబద్ధమాడి, ఊరందరి ముందు తిట్లు తిని, ఒక్క మాట చెప్పకుంటివి. నీ మీద కోపం పోయిందనుకోకు. చెప్పనందుకు ఇంకోటి కొత్తగ పుట్టింది.

కఫన్ గుడ్డ తెచ్చి పెట్టిన. కడిగేటందుకు బిడ్డ జువేరియా పెద్దవంగర నుంచి వచ్చింది. ట్రాలీ ఆటోవాడు ఒప్పుకున్నడు. రషీదా నిన్నటి నుంచి నీళ్లు మింగుతలేదు. ఆదివారం దాకా ఉండదు.

టెంటు దగ్గర దిగి, అక్కడి నుంచి మోసుకపోతం. తల దిక్కు ఒక పక్క నేను పడత. రెండో పక్క కొడుకు పట్టవలసిన జాగ. ఆమె నిన్ను పిలవమనలేదు. నేనే అడుగుతున్న. వచ్చి భుజం పడతవా, పట్టవా? అటో ఇటో ఒక్క మాట రాయి. బేస్తవారం పొద్దుగూకేలోపు నాకు అందాలె.

ఫకీర్ అహ్మద్