నాలుగు విద్యల చీటీ

మార్కాపురం,
22-11-2024, శుక్రవారం.

పూజ్యులైన నాగరత్నమ్మ వదినగారి పాదాలకు మీ మరదలు సావిత్రి దండాలు పెట్టి రాస్తున్న సంగతులు.

ఇక్కడ మేమంతా బాగున్నామని మొదలుపెట్టాలి గానీ, ఆ మాట రాయడానికి చెయ్యి రావడంలేదు. చంద్రశేఖరపురంలో మీరూ అన్నయ్యగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ మోకాళ్లకు మా అమ్మాయి వాసవి పంపిన నూనె ఏమన్నా పనిచేసిందా? అది డిగ్రీ పరీక్షలకు చదువుతా ఉంది. ఫోన్ చెయ్యరాదా అంటారేమో. మీకు చెవి సరిగా వినపడదు, నేను గట్టిగా చెప్తే ఇంట్లో వినకూడని మనిషి వింటారు. ఆ మనిషి మీ తమ్ముడే. అందుకే ఈ ఉత్తరం.

దసరా అయిన మూడోనాడు ఆయన చొక్కా నానబెడతా జేబు తడిమితే మడత పెట్టిన చీటీ దొరికింది. ఆయన చేతిరాతే, కానీ చీమలు పాకినట్టు సన్నగా, వంకరగా ఉంది. కరాటే – లేదు. తైక్వాండో – లేదు. కర్రసాము – కొంచెం. జూడో – ఇదే. ఆ 'ఇదే' కింద రెండు గీతలు.

యాభై ఆరేళ్ల మనిషి, స్టీలు సామాన్ల దుకాణం నడుపుకునే మనిషి, ఇంతవరకు ఎవరినీ గట్టిగా ఒక మాట అనని మనిషి. ఆయనకు ఈ కొట్లాట విద్యలతో పనేంది వదినా? చీటీ మళ్లీ జేబులోనే పెట్టి, ఏమీ ఎరగనట్టు ఊరుకున్నా. ఊరుకున్నానంటే కళ్లు మూసుకుని కాదు.

అప్పటినుంచి చూస్తా ఉంటే ఒక్కొక్కటే బయటపడింది. ఎడమచెయ్యి ఎప్పుడూ ప్యాంటు జేబులోనే ఉంటది. అన్నం తినేటప్పుడు కూడా ఆ చెయ్యి తొడ కిందకు పోతది. నాకు తెలీకుండా ఇంకో ఫోన్ పెట్టుకున్నారేమోనని అనుమానమొచ్చి, స్నానానికి పోయినప్పుడు ప్యాంటంతా వెతికినా. ఏమీ లేదు. ఆదివారం పొద్దున్నే గిద్దలూరు కొట్లకు ఆర్డర్లు తేవాలని పోతారు, మధ్యాహ్నం దాటినాక వస్తారు. వచ్చినప్పుడల్లా ఒంటికి నొప్పుల మందు వాసన. ఒకరోజు బనీను మార్చుకుంటా ఉంటే చూసినా, కుడి భుజం వెనక అరచెయ్యంత నల్లగా కమిలిపోయి ఉంది. ఏందది అంటే షట్టరు తగిలింది అన్నారు. షట్టరు వీపుకెట్ల తగులుతుంది?

ఇంక నేను ఆ చీటీ పట్టుకుని బయలుదేరినా. అంటే చీటీ కాదు, దాంట్లో పేర్లు.

జూనియర్ కాలేజీ గ్రౌండులో కరాటే నేర్పే నరేష్ అని ఒక మాస్టరున్నాడు. మా అమ్మాయిని చేర్పించాలని వచ్చినానని చెప్పి, మాటల్లో పెట్టి, స్టీలు దుకాణమాయన ఎప్పుడన్నా వచ్చినారా అని అడిగినా. అవునమ్మా, స్టీలు దుకాణం తిరుపతయ్య గారు వచ్చినారు, రెండు రోజులు ఆ గట్టు మీద కూర్చుని చూసినారు, కొట్టేది అడగలేదు, కాపాడుకునేది అడగలేదు, మీ దగ్గర కింద పడటం ఎప్పుడు నేర్పుతారని అడిగినారు, మేం గట్టిగా నిలబడేది నేర్పుతాం సార్ అంటే నవ్వేసి వెళ్లిపోయినారు అన్నాడు.

తైక్వాండో రజిని అనే అమ్మాయి నేర్పుతుంది, మెడికల్ షాపు మేడమీద. ఆ పిల్లనూ అదే అడిగినారంట. మనిషిని వెనక్కి నెడితే తల నేలకు తగలకుండా ఏం చెయ్యాలి అని. మా దగ్గర కాళ్ల పనే ఎక్కువ అంకుల్ అని చెప్పిందంట.

తర్లుపాడుకు ఆటోలో పోయినా. అక్కడ ఓబులయ్య అనే ముసలాయన చేనుగట్టున పిల్లలకు కర్రసాము నేర్పుతాడు. పల్టీ కొట్టి లేచేది చూపించినానమ్మా, కానీ మా నేలంతా పలకరాయి, ఈ వయసులో మీ ఇంటాయన ఎముకలు మిగలవని చెప్పి పంపించినా అన్నాడు.

ముగ్గురూ ఒకటే మాట. పడటం, తల కాపాడుకోవడం. తిరుగు ఆటోలో కూర్చున్నాక నాకు అర్థమైంది వదినా. ఎవరో మీ తమ్ముడిని పడేస్తామని బెదిరిస్తున్నారు. కొట్టడం ఈయనకు చేతకాదు కాబట్టి, తన్నులు తినడమన్నా పద్ధతిగా నేర్చుకుంటున్నారు. ఎవరికి ఈయన మీద అంత కక్ష?

మీకు తెలియనిది కాదు. మీ పెద్దనాయన కొడుకు చెన్నకేశవులు బావ, మా పక్క దుకాణమే. మధ్య గోడ మాదంటే మాదని మూడేళ్లుగా మాటల్లేవు. పోయిన ఆదివారం మా దుకాణంలో పనిచేసే సుబ్బులు పెళ్లికని గిద్దలూరు పోయినాడు. వచ్చి చెప్పినాడు, అమ్మా, మన సారు బస్సు దిగి నడుస్తా ఉంటే, చెన్నకేశవులు సారు పది అడుగులు వెనకగా పోతా ఉన్నాడు, సారు ఆగితే ఆగుతాడు, నడిస్తే నడుస్తాడు, ఇద్దరూ పాత ఫంక్షన్ హాలు సందులోకి తిరిగినారు అని.

సోమవారం పొద్దున బావ దుకాణం తెరుస్తా ఉంటే నడిబజార్లో నిలబడి అడిగేసినా. మా ఇంటి మనిషి వెనక ఎందుకు పడుతున్నావు, ఆయనకేమన్నా అయితే నీ దుకాణం ముందే కూర్చుంటా అన్నా. ఇంకా అనరాని మాటలు కూడా అన్నా. అటూ ఇటూ దుకాణాల వాళ్లంతా బయటికి వచ్చి చూసినారు. బావ తాళంచెవి చేతిలో పట్టుకుని తలొంచుకుని నిలబడినాడు. తప్పు చేసినవాడే అట్ల నిలబడతాడని అనుకున్నా.

మీ తమ్ముడు ఆ సాయంత్రం వచ్చి, బావతో అట్లెందుకు మాట్లాడినావని ఒక్కటే అడిగి, జవాబు చెప్పేలోపల లోపలికి పోయి పడుకున్నారు. నాలుగు రోజులుగా ఇంట్లో మాటల్లేవు.

వదినా, మీరు పెద్దవాళ్లు. మీ మాట మీ తమ్ముడూ వింటారు, బావా వింటాడు. ఉత్తరం అందగానే బస్సెక్కి రండి. పోలీసుల దాకా పోవాలా వద్దా మీరే చెప్పాలి. ఈ ఆదివారం నేనే గిద్దలూరు పోయి ఆ సందులో ఏం జరుగుతుందో చూడాలని గట్టిగా అనుకున్నా.

మీ రాకకు గడపలో కాచుకుని ఉండే
మీ మరదలు
సావిత్రి

తా.క. ఆదివారం సాయంత్రం రాస్తున్నా. పైదంతా పోస్టు చెయ్యకముందే గిద్దలూరు పోయి వచ్చినా. ఒక్క అక్షరం కొట్టెయ్యలేదు, నేను చేసిన పని మీకు ఉన్నదున్నట్టు తెలియాల.

ఆయన కంటే ముందు బస్సులో పోయి ఆ హాలు ఎదురుగా టీ అంగట్లో కూర్చున్నా. మీ తమ్ముడు లోపలికి పోయినారు, వెనకనే బావ. కాసేపాగి నేనూ తలుపు దగ్గరికి పోయినా. లోపల నేలంతా నీలం పరుపులు, తెల్లబట్టల్లో పిల్లలు. వాళ్ల మధ్యలో అవే తెల్లబట్టల్లో మీ తమ్ముడు. ఒక పెద్దాయన ఈయన రొమ్ము దగ్గర బట్ట పట్టుకుని, కాలు అడ్డం పెట్టి, దబ్బుమని పడేసినాడు. నేను కేక పెట్టి చెప్పులతోనే పరుపుల మీదికి ఉరికినా.

ఆ పెద్దాయన ఏబేలు మాస్టరు, రైల్వేలో రిటైరైనాడు. అమ్మా, ముందు చెప్పులు విడువు, ఈయనకు ఏమీ కాలేదు, పడటం నేర్చుకుంటున్నాడు అన్నాడు. మీ తమ్ముడు లేచి కూర్చున్నారు. ఆ తెల్లబట్టలకు జేబు లేదు. ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని ఉన్నారు. అది గాలికి ఆకు కదిలినట్టు వణుకుతా ఉంది వదినా. ఆపాలని కుడిచేత్తో పట్టుకున్నారు, ఆగలేదు.

అప్పుడు చెప్పినారు. శ్రావణంలో దుకాణం వెనక గోడౌన్లో ఉన్నపళంగా వెనక్కి పడిపోయినారంట. బిందెల వరస మీద పడేసరికి ఆ చప్పుడు గోడవతల బావకు వినపడి పరిగెత్తుకొచ్చినాడంట. ఒంగోలుకు తీసుకుపోయింది బావే. డాక్టరు పార్కిన్సన్ అనే వణుకుడు జబ్బు అన్నారు. మందులతో చాన్నాళ్లు బాగానే ఉండొచ్చు, కానీ ఒళ్లు తూలుతుంది, పడకుండా చూసుకోండి అన్నారంట. పడకుండా ఎట్ల చూసుకుంటాను సావిత్రీ, పడేది నా చేతిలో లేదు, ఎట్ల పడాలన్నదన్నా నా చేతిలో ఉండాల అన్నారు. నాకు చెప్తే దుకాణం మూయించి కుర్చీలో కూర్చోబెడతానని భయమంట. డాక్టరు రాసిస్తేనే చేర్చుకున్నానని మాస్టరు చెప్పినాడు.

బావ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. దారిలో తూలితే పట్టుకోవడానికే వెనక నడిచేది. పక్కన నడిస్తే మీ తమ్ముడు ఒప్పుకోరంట. నేను పోయి కాళ్లకు దండం పెట్టబోతే వెనక్కి జరిగినాడు. తిడితే తిట్టినావులేమ్మా, చెప్పొద్దని వాడు ఒట్టేయించుకున్నాడు, నేనేం చేసేది అన్నాడు. ఆ మాటతో నా ఏడుపు ఇంకా ఎక్కువైంది.

ఏబేలు మాస్టరు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చినాడు. జూడోలో పడేవాడు గడ్డం రొమ్ముకు ఆనించుకుని, చేత్తో నేలను చరిచి పడాలంట. పడేసేవాడికీ ఒక పని ఉందంట. ఎదుటి మనిషి కిందికి పోతా ఉంటే అతని చొక్కా చెయ్యి విడవకూడదు, పైకి లాగి పట్టుకోవాల, అప్పుడే తల నేలకు తగలదు అని చెప్పినాడు. అది నాకు నేర్పండి అన్నా. పిల్లలు నవ్వినారు. మాస్టరు నవ్వలేదు. మీ తమ్ముణ్ణి మోకాళ్ల మీద కూర్చోబెట్టి, కుడివైపు చొక్కా చేతి అంచు నాకు పట్టించి, తానే మెల్లగా పక్కకు వంచినాడు.

ఆయన పడినారు. నేను చెయ్యి వదల్లేదు. తల నేలకు తగల్లేదు వదినా.